స్పేసు ఉన్న ఫైలు పేర్లు, కామా ఉన్న ట్యాగులు: ఆర్గ్యుమెంట్లను ఎక్కడ విడగొట్టాలి?

ప్రశ్న: ధ్వనిపెట్టె

అందరికీ నమస్కారం.

ధ్వని రికార్డులను సర్దిపెట్టే చిన్న టూల్ ఒకటి పైథాన్‌లో రాసుకుని మూడేళ్లుగా వాడుతున్నాను. ఒక ఫోల్డరులోని వేవ్ ఫైళ్లను ఒక్కొక్కటిగా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ధ్వని మార్పిడి ప్రోగ్రాముకు అందించి ఫ్లాక్ అనే ఫార్మాటులోకి మారుస్తుంది, ట్యాగులు రాస్తుంది. అంతా అయ్యాక ఒక షెల్ స్క్రిప్టు (కమాండులను వరుసగా నడిపే ఫైలు) తాత్కాలిక ఫోల్డరును తీసేస్తుంది. ఇన్నాళ్లూ ఫైళ్ల పేర్లన్నీ నేనే పెట్టుకున్నవి. మాటకూ మాటకూ మధ్య అండర్‌స్కోరు తప్ప ఇంకేదీ ఉండేది కాదు. ఈ మధ్య ఇద్దరు మిత్రులు కూడా దీన్ని వాడడం మొదలుపెట్టారు. వాళ్లు పెట్టే పేర్లలో స్పేసులు, అపాస్ట్రఫీలు, కామాలు, బ్రాకెట్లు అన్నీ ఉంటాయి. ఉండడంలో తప్పూ లేదు.

పోయిన వారం జరిగింది చెబుతాను. ఒక మిత్రుడి కంప్యూటర్‌లో “పాత రికార్డులు” అనే ఫోల్డరు ఉంది. దాని పక్కనే “పాత” అనే పేరుతో మరో ఫోల్డరు ఉంది. నా పైథాన్ కోడు తాత్కాలిక ఫోల్డరుకు “పాత రికార్డులు-తాత్కాలికం” అని పేరు పెట్టి సరిగ్గానే తయారుచేసింది. దాన్ని తొలగించే పని షెల్ స్క్రిప్టుది. ఆ వరుసలో వేరియబుల్ చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టలేదు. తొలగించే కమాండుకు ఒక పేరు అందాల్సిన చోట రెండు అందాయి: “పాత”, “రికార్డులు-తాత్కాలికం”. మొదటిది నిజంగానే ఉన్న ఫోల్డరు. పూర్తిగా పోయింది. రెండోది ఎక్కడా లేదు. అయినా అడగకుండా తొలగించమనే ఆప్షను పెట్టి ఉన్నందున ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. బ్యాకప్ ఉంది కాబట్టి చాలావరకు తిరిగి వచ్చింది. ఆ రోజు ఉదయం చేసిన రెండు రికార్డింగులు మాత్రం రాలేదు. అవి వేరేవాళ్ల గొంతులు, మళ్లీ చేయించుకోవడం కుదరదు. ఆ సంగతి నన్ను వదలడం లేదు. అందుకే ఈసారి అతుకు వేసి ఊరుకోకుండా మొదటినుంచి అర్థం చేసుకోవాలని ఉంది.

ఆ తర్వాత నేను చేసినవి ఇవి. పైథాన్‌లో కమాండును ఒక స్ట్రింగుగా కూర్చి షెల్‌కు పంపేవాణ్ణి. ప్రతి పేరుకూ రెండు పక్కలా ఒంటి కొటేషన్ గుర్తులు చేర్చాను. స్పేసులు దారికి వచ్చాయి. అపాస్ట్రఫీ ఉన్న పేరు రాగానే విరిగింది. జంట గుర్తులకు మార్చాను. డాలర్ గుర్తు ఉన్న పేరు దగ్గర విరిగింది. ఇలాంటి గుర్తులను పట్టుకునే అక్షరాల నమూనా, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఒకటి రాశాను, దాన్ని నాలుగుసార్లు పెంచాను. ఇప్పుడు అది నాకే చదవడానికి రావడం లేదు.

మిగిలిన చిక్కులు మూడు. సెట్టింగుల ఫైలులో “అదనపు ఆప్షన్లు” అనే వరుస ఉంది. వాడేవాళ్లు అక్కడ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఆప్షన్లను ఒకే వరుసలో రాస్తారు. దాన్ని స్పేసు దగ్గర విడగొడుతున్నాను, అది సరిపోవడం లేదు. రెండోది, ట్యాగులను కామాలతో కలిపి ఒకే ఆప్షనులో తీసుకుంటున్నాను. ఇప్పుడు ఒకరికి కామా ఉన్న ట్యాగు కావాలి. మూడోది, విండోస్ వాడే మిత్రుడు ఫోల్డరు దారిని కొటేషన్ గుర్తుల్లోనే ఇస్తున్నాడు, అయినా తర్వాతి ఆప్షన్లు అన్నీ ఆ దారికి అతుక్కుని వస్తున్నాయి.

ఏ స్పేసు విడగొట్టేది, ఏ స్పేసు పేరులో భాగం? ఈ తేడాను నా కోడు ఎలా పసిగట్టాలి?


జవాబు: వరుసలెక్క

ముందుగా ఒక మాట. మీకు జరిగినది పెద్ద పెద్ద సంస్థలకూ జరిగింది. 2001 నవంబరులో ఐట్యూన్స్ 2.0 ఇన్‌స్టాలరు కొందరి మ్యాక్ డ్రైవులనే తుడిచిపెట్టింది. కారణం ఇన్‌స్టాల్ స్క్రిప్టులో కొటేషన్ గుర్తులు లేని దారి, డ్రైవు పేరులో ఉన్న స్పేసు. వెంటనే దాన్ని ఉపసంహరించి 2.0.1 విడుదల చేశారు. 2011లో బంబుల్‌బీ అనే లినక్స్ ప్రాజెక్టు ఇన్‌స్టాల్ స్క్రిప్టులో, తొలగించవలసిన దారి మధ్యలో ఒక స్పేసు పొరపాటున పడింది. దారి రెండు ముక్కలైంది. మొదటి ముక్క, సగం సిస్టమ్ ఉండే “యూఎస్‌ఆర్” ఫోల్డరు. కాబట్టి మిమ్మల్ని మీరు మరీ నిందించుకోకండి.

ఇక మీ చివరి ప్రశ్న. దానికి జవాబు వెతకాల్సిన పరిస్థితిలోకి మీ కోడు వెళ్లకూడదు. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఇది పట్టుబడితే మిగతా అన్నీ తేలికవుతాయి.

యూనిక్స్ కుటుంబంలో ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును మొదలుపెట్టేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నెల్‌కు ఇచ్చేది ఒక జాబితా. అందులో ఒక్కో ఆర్గ్యుమెంటు (ప్రోగ్రాముకు అందించే విలువ) ఒక్కో విడి స్ట్రింగు, ప్రతి స్ట్రింగు చివర సున్నా విలువ గల బైటు. అంతే. కెర్నెల్‌కు స్పేసు తెలియదు, కొటేషన్ గుర్తు తెలియదు, హైఫన్ తెలియదు. సున్నా బైటు తప్ప మరే బైటైనా ఆర్గ్యుమెంటులో ఉండవచ్చు. ఫైలు పేరులో అయితే సున్నా బైటు, ముందుకు వాలిన గీత (/), ఈ రెండే కూడదు. కొత్త వరుస గుర్తు కూడా ఫైలు పేరులో ఉండవచ్చు.

స్పేసు దగ్గర విడగొట్టేది షెల్, అంటే మీరు టైపు చేసిన కమాండును చదివి నడిపించే ప్రోగ్రాము. అది కూడా రెండుసార్లు చేస్తుంది, చాలామంది దెబ్బతినేది ఆ రెండోసారి దగ్గరే. మొదటిసారి మీరు టైపు చేసిన వరుసను చదివి, కొటేషన్ గుర్తులను గౌరవిస్తూ మాటలుగా విడదీస్తుంది. తర్వాత వేరియబుళ్ల స్థానంలో వాటి విలువలను పెడుతుంది. ఆ వేరియబుల్ కొటేషన్ గుర్తుల్లో లేకపోతే, వచ్చిన విలువను మళ్లీ విడగొడుతుంది. ఏయే గుర్తుల దగ్గర విడగొట్టాలో ఐఎఫ్‌ఎస్ అనే వేరియబుల్ చెబుతుంది. మామూలుగా అందులో స్పేసు, ట్యాబు, కొత్త వరుస ఉంటాయి. అక్కడితో ఆగదు. విడగొట్టిన ముక్కల్లో నక్షత్రం గుర్తో ప్రశ్న గుర్తో ఉంటే వాటిని ఫైలు పేర్ల నమూనాగా తీసుకుని విస్తరిస్తుంది. అంటే మీ “పాత రికార్డులు” పేరులో రెండు స్పేసుల మధ్య ఒక నక్షత్రం ఉండి ఉంటే నష్టం ఇంకా పెద్దదయ్యేది.

ఇంకొకటి గమనించండి. విలువను పెట్టిన తర్వాత అందులోంచి వచ్చిన కొటేషన్ గుర్తులను షెల్ గుర్తులుగా చూడదు, మామూలు అక్షరాలుగానే చూస్తుంది. వేరియబుల్ లోపలే కొటేషన్ గుర్తులు పెట్టి దాచుకుంటే సరిపోతుందని నేనూ కొన్నేళ్లపాటు నమ్మాను. పనిచేయదు. పేరు చివర ఒక కొటేషన్ గుర్తు అతుక్కున్న ఫైలు కోసం వెతుకుతుంది.

ఈ ప్రవర్తన 1979లో ఏడవ వెర్షన్ యూనిక్స్‌తో వచ్చిన బోర్న్ షెల్ నుంచి వారసత్వంగా వస్తోంది. జడ్‌షెల్, ఫిష్ అనే షెల్‌లు ఇలా మళ్లీ విడగొట్టవు. కానీ స్క్రిప్టులు ఎక్కువగా బాష్‌లోనూ దాని తోబుట్టువుల్లోనూ నడుస్తాయి కాబట్టి అలవాటు చేసుకోక తప్పదు: వేరియబుల్ కనిపించిన ప్రతిచోటా చుట్టూ జంట కొటేషన్ గుర్తులు. స్క్రిప్టుకు వచ్చిన ఆర్గ్యుమెంట్లన్నిటినీ ముందుకు పంపాలంటే "$@" అని గుర్తులతో సహా రాయండి. అది ఒక్కో ఆర్గ్యుమెంటునూ ఉన్నదున్నట్టు విడివిడిగా ఇస్తుంది. "$*" రాస్తే అన్నిటినీ ఒకే స్ట్రింగుగా అతికిస్తుంది. గుర్తులు లేకుండా ఏది రాసినా ముక్కలే.

ఇప్పుడు మీ పైథాన్ కోడు. మీ దగ్గర ఫైలు పేరు ఒక విడి విలువగానే ఉంది. దాని హద్దులు మీకు తెలుసు. దాన్ని తీసుకెళ్లి పొడవాటి స్ట్రింగులో కలిపి, ఆ హద్దులు చెరిపేసి, అవి ఎక్కడ ఉన్నాయో కనిపెట్టమని షెల్‌ను అడుగుతున్నారు. కొటేషన్ గుర్తులు చేర్చడం, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పెంచడం, అన్నీ చెరిపిన గీతను మళ్లీ గీసే ప్రయత్నాలే. సబ్‌ప్రాసెస్ మాడ్యూలుకు జాబితా ఇవ్వండి: ప్రోగ్రాము పేరు ఒకటి, ప్రతి ఆప్షనూ ఒకటి, ఫైలు పేరు ఒకటి. షెల్ వాడమనే ఆప్షనును తాకవద్దు. అపాస్ట్రఫీ, డాలర్, స్పేసు ఏది ఉన్నా అలాగే చేరుతుంది, ఎందుకంటే మధ్యలో దాన్ని చదివేవారు ఎవరూ లేరు. ఇక ఫోల్డరును తొలగించడానికి బయటి కమాండు ఎందుకు? షుటిల్ మాడ్యూలులో ఆ పనికి ఫంక్షను ఉంది, దానికి ఒకే దారి ఇస్తారు, ఒకే దారిని తొలగిస్తుంది. ఆ షెల్ స్క్రిప్టును పూర్తిగా తీసేయమని నా సలహా.

“అదనపు ఆప్షన్లు” వరుస మాత్రం వేరే సంగతి. అక్కడ మనిషి రాసిన ఒక వరుస ఉంది కాబట్టి విడగొట్టక తప్పదు. ష్లెక్స్ మాడ్యూలులోని విడగొట్టే ఫంక్షను వాడండి, అది షెల్ కొటేషన్ నియమాలను పాటిస్తుంది. మామూలు స్ట్రింగ్ పద్ధతితో స్పేసు దగ్గర విడగొడితే రెండు స్పేసులు పక్కపక్కన పడినప్పుడు మధ్యలో ఖాళీ స్ట్రింగు పుడుతుంది. ఆ ఖాళీని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఫైలు పేరు అనుకుంటుంది. స్పేసు ఇవ్వకుండా వట్టి విడగొట్టే పద్ధతి వాడితే ఆ ఖాళీలు పోతాయి కానీ, వాడేవాళ్లు కావాలని "" అని ఇచ్చిన ఖాళీ విలువను అది గుర్తించదు, ఆ రెండు గుర్తులనే అక్షరాలుగా అందిస్తుంది. ష్లెక్స్ దాన్ని ఖాళీ ఆర్గ్యుమెంటుగా నిలుపుతుంది.

చివరగా, నా దగ్గర ఎప్పుడూ ఉండే పనిముట్టు. వచ్చిన ఆర్గ్యుమెంట్లను లెక్కపెట్టి, ఒక్కోదాన్ని ఒక్కో వరుసలో చదరపు బ్రాకెట్ల మధ్య అచ్చువేసే ఐదు వరుసల ప్రోగ్రాము. అనుమానం వచ్చినచోట అసలు ప్రోగ్రాము పేరు తీసి దీని పేరు పెడతాను. [పాత రికార్డులు] అని ఒక వరుస వస్తే క్షేమం. [పాత] అని ఒకటి, [రికార్డులు] అని ఒకటి వస్తే ఇంకా పని ఉంది.


జవాబు: కిటికీపక్క

వరుసలెక్క గారు చెప్పింది యూనిక్స్‌కు అక్షరాలా నిజం. విండోస్‌లో పునాదే వేరు, మీ మూడో చిక్కు అక్కడిది.

విండోస్‌లో కొత్త ప్రోగ్రామును మొదలుపెట్టే ఫంక్షను జాబితా తీసుకోదు. మొత్తం కమాండు వరుసను ఒకే స్ట్రింగుగా తీసుకుంటుంది, గరిష్ఠంగా 32,767 అక్షరాలు. ఆ స్ట్రింగును ఆర్గ్యుమెంట్లుగా విడగొట్టే బాధ్యత మొదలైన ప్రోగ్రాముదే. ఎక్కువ ప్రోగ్రాములు మైక్రోసాఫ్ట్ సీ లైబ్రరీ నియమాలను పాటిస్తాయి, పాటించాలని నిర్బంధం లేదు.

ఆ నియమాల్లో అందరినీ పట్టుకునేది బ్యాక్‌స్లాష్. మామూలుగా అది మామూలు అక్షరమే. దాని వెంటనే జంట కొటేషన్ గుర్తు వస్తే మాత్రం అర్థం మారుతుంది. గుర్తుకు ముందు బ్యాక్‌స్లాష్‌లు సరిసంఖ్యలో ఉంటే వాటిలో సగం మిగులుతాయి, కొటేషన్ గుర్తు హద్దుగా పనిచేస్తుంది. బేసిసంఖ్యలో ఉంటే చివరి బ్యాక్‌స్లాష్ ఆ కొటేషన్ గుర్తును మామూలు అక్షరంగా మార్చేస్తుంది. మీ మిత్రుడు బహుశా ఇలా ఇస్తున్నాడు:

"డీ:\పాత రికార్డులు\"

చివర ఉన్నది ఒక్క బ్యాక్‌స్లాష్, ఆ వెంటనే కొటేషన్ గుర్తు. ఒకటి బేసి. కాబట్టి ఆ గుర్తు దారిని ముగించలేదు, దారిలో అక్షరంగా చేరిపోయింది. తర్వాత టైపు చేసినవన్నీ దానికి అతుక్కున్నాయి. చివరి బ్యాక్‌స్లాష్ తీసేసినా సరిపోతుంది, రెండు పెట్టినా సరిపోతుంది.

వాడేవాళ్లందరికీ ఇది నేర్పడం కుదరని పని. కానీ విండోస్ ఫైలు పేర్లలో జంట కొటేషన్ గుర్తుకు అనుమతే లేదు. మీ టూల్‌కు వచ్చిన దారిలో ఆ గుర్తు కనిపించిందంటే జరిగింది ఇదేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. అప్పుడు “ఫోల్డరు దొరకలేదు” అనే పొడి సందేశం ఇవ్వకండి. “దారి చివరి బ్యాక్‌స్లాష్ తీసేసి మళ్లీ ప్రయత్నించండి” అని చెప్పండి. ఆ ఒక్క వాక్యం మీ మిత్రుడికి ఒక సాయంత్రాన్ని మిగులుస్తుంది.

మీరు పైథాన్‌లో జాబితా ఇచ్చినప్పుడు విండోస్‌లో సబ్‌ప్రాసెస్ ఆ జాబితాను ఇవే నియమాలతో స్ట్రింగుగా కూర్చి పంపుతుంది. కాబట్టి వరుసలెక్క గారి సలహా ఇక్కడా చెల్లుతుంది. మూడు చోట్ల మాత్రం జాగ్రత్త.

ష్లెక్స్‌తో విండోస్ దారులను విడగొట్టకండి. అది యూనిక్స్ షెల్ నియమాలను పాటిస్తుంది, అందులో బ్యాక్‌స్లాష్ తర్వాతి అక్షరాన్ని కాపాడి తాను మాయమవుతుంది. డీ:\పాత అన్నది డీ:పాత అవుతుంది. అందుకే “అదనపు ఆప్షన్లు” వరుసనే మార్చమంటాను. సెట్టింగులు టామ్ల్, జేసన్ వంటి ఫైలు ఫార్మాట్లలో ఉంటే అక్కడ జాబితాగా రాయించండి, ఒక్కో ఆప్షను ఒక్కో విలువ. టైపు చేయడానికి కొంచెం ఎక్కువే. విడగొట్టే పని మాత్రం ఎక్కడా మిగలదు.

రెండోది, మీరు పిలిచే ప్రోగ్రాము బ్యాచ్ ఫైలు అయితే దాన్ని నడిపేది సీఎండీ అనే విండోస్ షెల్, దాని నియమాలు పూర్తిగా వేరు. జాబితా ఇచ్చినా రక్షణ ఉండదు. 2024 ఏప్రిల్‌లో ఈ కారణంగానే రస్ట్ భాష ప్రామాణిక లైబ్రరీలో తీవ్రమైన భద్రతా లోపం బయటపడి 1.77.2 వెర్షన్‌లో సరిదిద్దారు. భద్రంగా పంపలేని ఆర్గ్యుమెంటు ఎదురైతే లైబ్రరీ ఇప్పుడు ఎర్రరు ఇచ్చి ఆగిపోతుంది. అపరిచితులు పెట్టిన పేర్లను బ్యాచ్ ఫైళ్లకు అస్సలు పంపకండి.

మూడోది పవర్‌షెల్, విండోస్‌లోని మరో షెల్. 7.3 కంటే ముందు వెర్షన్లలో బయటి ప్రోగ్రాములకు పంపే ఖాళీ ఆర్గ్యుమెంట్లు మాయమయ్యేవి, లోపలి కొటేషన్ గుర్తులు రాలిపోయేవి. మీ కోడు సరిగ్గా ఉండి కూడా ఎవరైనా ఇలాంటి ఫిర్యాదు చేస్తే ముందు వాళ్ల వెర్షన్ అడగండి.


జవాబు: పట్టికలు

రెండో చిక్కు గురించి ఎవరూ చెప్పలేదు, నాకు బాగా పరిచయమైనది అదే.

ఒకే ఆర్గ్యుమెంటు లోపల విలువలను కామాతో వేరుచేశారంటే మీరు సొంతంగా ఒక చిన్న భాషను కనిపెట్టినట్టు. ఆ భాషకు వ్యాకరణం మీరే రాయాలి. కామా ఉన్న విలువ ఎలా రాయాలి? దానికోసం పెట్టిన గుర్తు విలువలో ఉంటే ఏం చేయాలి? చివర కామా ఉంటే ఖాళీ ట్యాగా, లేక పొరపాటా? కామా తర్వాతి స్పేసు ట్యాగులో భాగమా? నేను ఒక పరికరాల జాబితా టూల్ రాసినప్పుడు చివరి ప్రశ్నకు జవాబు నిర్ణయించుకోలేదు. ఒకచోట స్పేసు తీసేశాను, ఇంకోచోట ఉంచేశాను. “మోటారు” అనీ, ముందు స్పేసుతో “ మోటారు” అనీ రెండు వర్గాలు పుట్టాయి. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కలపడానికి రెండు రోజులు పట్టింది.

నా సలహా: కామా వద్దు, ఆప్షనునే మళ్లీ మళ్లీ ఇవ్వనివ్వండి. ఒక్కో ట్యాగుకు ఒక్కోసారి. పైథాన్‌లో ఆప్షన్లను చదివే ఆర్గ్‌పార్స్ మాడ్యూలులో, వచ్చిన ప్రతి విలువనూ జాబితాకు చేర్చే ఏర్పాటు సిద్ధంగా ఉంది. విలువల మధ్య హద్దును షెల్, కెర్నెల్ ఇద్దరూ ఇప్పటికే కాపాడుతున్నారు. దాన్ని వాడుకోకుండా కామాతో ఇంకో హద్దు ఎందుకు? పాత వాడుకరుల కోసం కామా ఆప్షనును వేరే పేరుతో కొన్నాళ్లు ఉంచవచ్చు, కామా ఉన్న ట్యాగు అందులో కుదరదని సహాయ సందేశంలో రాసేయండి.

ఇదే కుటుంబానికి చెందినవి ఇంకో రెండు. పేరు=విలువ రూపంలో ఏదైనా తీసుకుంటే మొదటి సమాన గుర్తు దగ్గర ఒక్కసారే విడగొట్టండి. విలువలో మరో సమాన గుర్తు ఉండవచ్చు, వెబ్ చిరునామాల్లో ఉండనే ఉంటుంది. రెండోది, దారులను కోలన్‌తో వేరుచేయకండి. యూనిక్స్‌లో ప్రోగ్రాములను వెతికే ఫోల్డర్ల జాబితా కోలన్‌తోనే వేరవుతుంది కాబట్టి పేరులో కోలన్ ఉన్న ఫోల్డరును అందులో చేర్చే మార్గమే లేదు. విండోస్‌లో డ్రైవు అక్షరం తర్వాత కోలన్ వస్తుంది కాబట్టి వాళ్లు సెమీకోలన్ ఎంచుకున్నారు. ఏ గుర్తును ఎంచుకున్నా, ఆ గుర్తు ఉన్న పేరుతో ఎవరో ఒకరు వస్తారు.

ఫైళ్ల జాబితాను ఒక ప్రోగ్రాము నుంచి మరోదానికి గొట్టం (పైపు) గుండా పంపాల్సి వస్తే, ఫైలు దారిలో ఎప్పటికీ రాలేని గుర్తు ఒక్కటే ఉంది: సున్నా బైటు. ఫైళ్లను వెతికే ఫైండ్‌లో ప్రింట్0, ఆ జాబితాను మరో కమాండుకు అందించే ఎక్సార్గ్స్‌లో -0 ఉన్నది అందుకే. గ్నూ, బీఎస్‌డీ టూల్స్‌లో చాలాకాలంగా ఉన్నా యూనిక్స్ వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లోకి వచ్చింది 2024 కూర్పులోనే. మీ టూల్ కూడా ఫైళ్ల పేర్లను ప్రామాణిక ఇన్‌పుట్ నుంచి చదివేటట్టయితే సున్నాతో వేరైన జాబితాను తీసుకునే ఆప్షను ఒకటి పెట్టండి. అలాంటి ఆప్షను ఉన్న టూల్ చూస్తే దాన్ని రాసినవారి మీద నాకు గౌరవం కలుగుతుంది.


జవాబు: అక్షరశోధన

ఒక చిన్న సంగతి చేరుస్తాను. కొన్నిసార్లు స్పేసులా కనిపించేది స్పేసు కాదు. పత్రాల నుంచి, చాట్ సందేశాల నుంచి కమాండును కాపీ చేసినప్పుడు మామూలు స్పేసు చోట విరగని స్పేసు, యూనికోడ్‌లో 00ఏ0, వచ్చి కూర్చుంటుంది. బాష్ దాని దగ్గర విడగొట్టదు. కమాండు పేరు, ఆప్షను కలిసి ఒకే మాటై “అలాంటి కమాండు లేదు” అంటుంది. పైథాన్‌లో వట్టి విడగొట్టే పద్ధతి మాత్రం దాని దగ్గర కూడా విడగొడుతుంది. ష్లెక్స్ విడగొట్టదు. ఒకే వరుసకు చోటును బట్టి వేర్వేరు ఫలితాలు. అలాగే రెండు హైఫన్లు ఒక పొడుగు గీతగా మారిపోవడం, నిటారు కొటేషన్ గుర్తులు వంపు తిరగడం.

వీటిని మీ కోడు తనంతట తాను సరిదిద్దకూడదు, ఎందుకంటే అవి ఫైలు పేరులో నిజంగానే ఉండవచ్చు. ఆప్షను పేరు గుర్తుపట్టలేనప్పుడు మాత్రం అందులో ఇలాంటి అక్షరం ఉందేమో చూసి, దాని యూనికోడ్ సంఖ్యతో సహా సందేశంలో చూపించండి. కంటికి కనిపించని తప్పును కంటికి చూపించినట్టవుతుంది.


ప్రశ్న వేసినవారి స్పందన: ధ్వనిపెట్టె

అందరికీ కృతజ్ఞతలు. నిన్న, ఇవాళ కూర్చుని మార్చాను.

షెల్ స్క్రిప్టు తీసేశాను. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ తీసేశాను, అది పోయిన తర్వాత 60 వరుసలు తగ్గాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు జాబితా వెళుతోంది. అదనపు ఆప్షన్లు టామ్ల్ జాబితాలోకి మారాయి. ఒక మిత్రుడు ఇది టైపు చేయడానికి ఎక్కువని అన్నాడు, పోయిన వారం సంగతి గుర్తుచేస్తే ఒప్పుకున్నాడు. విండోస్ మిత్రుడి సమస్య కిటికీపక్క గారు ఊహించినట్టే చివరి బ్యాక్‌స్లాష్. ఆ సందేశం పెట్టేశాను.

బ్రాకెట్ల ప్రోగ్రాము రాసి, స్క్రిప్టులోని పాత తొలగింపు వరుసను దానితో ఒకసారి నడిపి చూశాను. [పాత] అని ఒక వరుసలో కనిపించినప్పుడు గుండె ఒక్కసారి జారింది. ఇది ముందే చేసి ఉంటే అర నిమిషంలో తెలిసేది.

ఇంకా రెండు మిగిలాయి. “-మొదటి సంభాషణ.ఫ్లాక్” అని హైఫన్‌తో మొదలయ్యే అవుట్‌పుట్ ఫైలును ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఆప్షను అనుకుంటోంది. “10:30 సంభాషణ.వేవ్” అనే ఫైలును అసలు తెరవడం లేదు, ఏదో ప్రోటోకాల్ దొరకలేదంటోంది. జాబితాలో విడి విలువగానే పంపుతున్నాను కదా, ఎందుకిలా?


జవాబు: వరుసలెక్క

హద్దులు సరిగ్గానే చేరాయి. ఇది తర్వాతి అంచె. వచ్చిన ఆర్గ్యుమెంటును ఆ ప్రోగ్రాము ఎలా అర్థం చేసుకుంటుందన్నది దాని ఇష్టం, కొటేషన్ గుర్తులకు అక్కడ పాత్ర లేదు. గుర్తుల్లో పెట్టినా పెట్టకపోయినా ప్రోగ్రాముకు అందేది హైఫన్‌తో మొదలయ్యే స్ట్రింగే.

ఆప్షన్లు ఇక్కడితో అయిపోయాయని చెప్పడానికి పోసిక్స్ మార్గదర్శకాల్లో -- ఉంది. దాని తర్వాత వచ్చేవన్నీ పేర్లే. కానీ అన్ని ప్రోగ్రాములూ దీన్ని పాటించవు. ఇచ్చిన మాటలను అచ్చువేసే ఎకో అయితే ఆ రెండు హైఫన్లనూ అచ్చువేసేస్తుంది. ఎక్కడైనా పనిచేసే మార్గం పేరు ముందు ./ చేర్చడం. ./-మొదటి సంభాషణ.ఫ్లాక్ అన్నప్పుడు మొదటి అక్షరం చుక్క, ఆప్షను అనుకునే అవకాశం ఉండదు. పూర్తి దారి ఇచ్చినా అంతే.

కోలన్ సంగతీ ఇలాంటిదే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఇన్‌పుట్ అంటే ఫైలే కానక్కర్లేదు, నెట్‌వర్క్ చిరునామా కూడా కావచ్చు. అందుకని కోలన్‌కు ముందున్న భాగాన్ని ప్రోటోకాల్ పేరుగా చూస్తుంది. మీ ఫైలు విషయంలో ఆ ప్రోటోకాల్ “10”. ముందు ./ చేర్చితే ఇదీ తీరిపోతుంది, ఎందుకంటే ప్రోటోకాల్ పేరులో ముందుకు వాలిన గీత రాదు.

మీ టూల్ వాడేవాళ్ల వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. మీరు ఆర్గ్‌పార్స్ వాడుతున్నారు కాబట్టి -- దానంతటదే పనిచేస్తుంది. కానీ శీర్షిక ఆప్షనుకు హైఫన్‌తో మొదలై లోపల స్పేసు లేని విలువను, ఆప్షను పేరు తర్వాత స్పేసు పెట్టి ఇస్తే, విలువే రాలేదని ఆర్గ్‌పార్స్ ఫిర్యాదు చేస్తుంది. సమాన గుర్తుతో అతికించి ఇస్తే తీసుకుంటుంది. సహాయ సందేశంలో ఒక ఉదాహరణ పెట్టండి.

ఎప్పుడైనా ఈ టూల్‌ను ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరపు కంప్యూటర్‌లో నడపాలనుకుంటే మళ్లీ ఇక్కడికి రండి. ఎస్‌ఎస్‌హెచ్ మీరిచ్చిన ఆర్గ్యుమెంట్లన్నిటినీ స్పేసులతో ఒకే స్ట్రింగుగా కలిపి అవతలి షెల్‌కు ఇస్తుంది. జాబితా అక్కడ జాబితాగా మిగలదు. అవతల యూనిక్స్ షెల్ ఉంటే ప్రతి విలువనూ ష్లెక్స్‌లోని కొటేషన్ చేర్చే ఫంక్షను గుండా పంపాలి. మీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ చేయాలనుకున్న పనిని అది సరిగ్గా చేస్తుంది.


ప్రశ్న వేసినవారి స్పందన: ధ్వనిపెట్టె

రెండు ఫైళ్లూ మారాయి. పూర్తి దారి ఇచ్చే పద్ధతి ఎంచుకున్నాను.

పరీక్షల కోసం ఒక ఫోల్డరు తయారుచేశాను. అందులోని పేర్లు: మధ్యలో ఒక స్పేసు, మధ్యలో రెండు స్పేసులు, చివర స్పేసు, అపాస్ట్రఫీ, జంట కొటేషన్ గుర్తు, డాలర్, నక్షత్రం, మొదట హైఫన్, కోలన్, సమాన గుర్తు, విరగని స్పేసు, కొత్త వరుస. విండోస్‌లో వీటిలో కొన్ని అనుమతించరు కాబట్టి అక్కడ వాటిని వదిలేస్తుంది. పక్కనే “పాత” అనే ఫోల్డరు కూడా ఉంచాను. ప్రతి పరీక్ష చివరా టూల్ మొదట ఆ ఫోల్డరు ఇంకా ఉందో లేదో చూస్తుంది, తర్వాతే మిగతావి.

ఆర్గ్‌పార్స్ ఆప్షనును కూడా మార్చాను, ట్యాగు ఒక్కోసారి ఒక్కటే. కామా అడిగిన మిత్రుడు నిన్న రాత్రి మొదటి ట్యాగు పెట్టాడు: “నది, అవతలి ఒడ్డు”. సరిగ్గా రాసుకుంది.